బూటు విప్పుటకు అనుమతి కోరుతూ

మెట్‌పల్లి,
కరీంనగరం జిల్లా,
5 డిసెంబరు 1959, శనివారం.

మహారాజరాజశ్రీ అంగవికలుర సహాయ నిధి జిల్లా అధికారి లింగమూర్తి గారి సముఖానికి, ఆయన ఊరివాడూ, ఒకప్పుడు ఉస్మానియా హాస్టలులో ఆయన పక్క మంచంవాడూ, ప్రస్తుతం మెట్‌పల్లి బడిలో ఉపాధ్యాయుడూ అయిన అంబదాస్ నమస్కరించి విన్నవించుకునేది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ తమరు, తమరి కచేరీ, తమరి ముందున్న బల్ల కూడా క్షేమమని తలుస్తాను.

ఈ మర్యాదంతా ఎందుకని తమరు అడగవచ్చు. సెప్టెంబరులో "ప్రియమైన లింగమూర్తీ" అని మొదలుపెట్టి ఒక ఉత్తరం రాశాను. దానికి తమరు నంబరు వేయించి, "మీ అర్జీ అందినది, పరిశీలనలో ఉన్నది" అని జవాబు పంపారు. నేను అందులో అర్జీ ఏదీ పెట్టలేదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశాను, ఊళ్లో నాట్లు ఆలస్యమైనవని రాశాను, చివర అంతయ్య సంగతి నాలుగు మాటలు రాశాను. ఈ మూడూ ఒకే నంబరు కింద పరిశీలనకు వెళ్లాయి. మా అమ్మ మోకాళ్ల గురించి నేటి వరకు ఏ ఉత్తర్వూ వెలువడలేదు. కనుక స్నేహితుడికి రాయడం మానుకొని అధికారికి రాస్తున్నాను. కచేరీకి కచేరీ భాషే అర్థమవుతుందని ఆలస్యంగా తెలుసుకున్నందుకు మన్నించండి.

విషయం: మన ఊరి అంతయ్యకు తమరి నిధి సమకూర్చిన కృత్రిమ ఎడమకాలికి ఉన్న బూటు.

కోరిక: దానిని విప్పనివ్వండి.

ఇక వివరాలు. ఇవన్నీ తమరికి తెలిసినవే. కాని తమరికి తెలిసినవి ఫైలుకు తెలియవు. ఈ రోజుల్లో నిర్ణయాలు చేస్తున్నది ఫైలు.

అంతయ్య మన ఊరి కల్లాలలో వడ్లు కొలిచే మనిషి. అతని తండ్రి కొలిచాడు, తాత కొలిచాడు. పటేలుకు ఎంత, కౌలుదారుకు ఎంత, కోసిన కూలీలకు ఎంత అన్నది రాశి ముందు అంతయ్య కుంచం తేలుస్తుంది. రాశి ముందు మోకాలు మడిచి కూర్చుంటాడు. కుంచం నింపి, అరచేత్తో అంచు వెంట గీస్తాడు. ఆ గీత ఎవరి పాలుకైనా ఒకే తీరున పడుతుంది. అందుకే మన ఊళ్లో పంపకాల తగాదాలు పోలీసుల దాకా పోవు. మొదటి కుంచానికి "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. ఆ మాట వినపడగానే కల్లం మీద ఎవరూ నోరు విప్పరు. చిన్నప్పుడు తమరు అలా నోరు విప్పితే తమరి తండ్రిగారు తమరిని కల్లం దాటించారు. తమరి పక్కనే నేనూ బయట నిలబడ్డాను.

పోయిన మాఘంలో తమరి తండ్రిగారు లక్ష్మీరాజం పటేలు గారి వడ్లు మెట్‌పల్లి అంగడికి వస్తుండగా, వాగు దిగుడులో బండి ఒరిగింది. పక్కన నడుస్తున్న అంతయ్య కాలి మీదుగా చక్రం పోయింది. గాయం కుళ్లింది. ప్రాణం దక్కాలంటే మోకాలి కింద తీసివేయక తప్పలేదు. యాసంగి కొలతకు అతడు మంచం మీద ఉన్నాడు. ఎవరెవరో కొలిచారు. ఆ కొలతల మీద మొదలైన మాటలు ఇప్పటికీ ఆగలేదు.

ఇక్కడ తమరికి న్యాయంగా చెందవలసిన మెప్పు తమరికి చెల్లిస్తున్నాను. సంగతి తెలియగానే తమరు అర్జీ రాయించారు, సర్జనుతో సర్టిఫికెట్ ఇప్పించారు, వానలు తగ్గక ముందే కాలు తెప్పించారు. తమరి నిధి అంత వేగంగా కదలడం అదే మొదలని తమరి గుమాస్తాలే ఆశ్చర్యపోయారు. కాలు ప్రదానం చేసే సభకు నేనూ వచ్చాను. తమరి చేతిలో దండ ఒక్కటే ఉంది. దాన్ని అంతయ్యకు వేయాలో కాలికి వేయాలో కాసేపు తేలలేదు. ఫోటో తీసే అతను కాలిని కాస్త పైకెత్తమన్నాడు, దండ దానికి పడింది.

కాలు మంచిదే. కట్టె గిన్నె మోకాలి కింది మోడుకు ఒరుసుకోకుండా కూర్చుంది. నేత పట్టీలు గట్టివి. మన ఊరి వడ్రంగి చెక్కి ఇచ్చిన కట్టెకాలు వేసుకున్నప్పుడల్లా అంతయ్యకు రక్తం కారేది, దీనితో కారలేదు. దోషం ఒక్కటే. దాని చివర నల్లని తోలు బూటు ఉంది. దానికి లేసులున్నాయి, ముడి ఉంది, ముడి విప్పితే విప్పుకుంటుంది, కాని బూటు మాత్రం రాదు. దానిని కట్టెపాదానికి మేకులతో బిగించారు. ఎక్కడో దూరపు కార్ఖానాలో, కుర్చీలో కూర్చుని అన్నం తిని, బూట్లతోనే ఇల్లంతా తిరిగే మనిషిని మనసులో పెట్టుకొని ఆ కాలును తయారు చేశారు. అటువంటి మనిషి మన జిల్లాలో తమరొక్కరే. తమరికేమో రెండు కాళ్లూ ఉన్నాయి.

మొదటి రోజే అంతయ్య తన ఇంటి గడప దగ్గర ఆగిపోయాడు. భార్య కొమురవ్వ లోపలికి రమ్మంది. తోలుతో పొయ్యి దగ్గరికి ఎట్ల వస్తనని అతడన్నాడు. చివరకు కాలు వాకిట్లో విడిచి, దేకుకుంటూ లోపలికి పోయాడు. బయట నడవడానికి కాలు, ఇంట్లో దేకడానికి కాలు లేకపోవడం అనే ఏర్పాటు అప్పటి నుంచి అమలులో ఉంది. మొక్కు తీర్చుకోవడానికి కొండగట్టు పోతే, చెప్పులు చూసుకునే ముసలవ్వ బూటు వంక చూసి, కాలు కూడా అక్కడే పెట్టి పొమ్మంది. అంతయ్య పెట్టాడు. కొమురవ్వ భుజం మీద చెయ్యి వేసుకుని ఒంటికాలి మీద దర్శనం చేసుకున్నాడు. తిరిగి వచ్చేసరికి ఇద్దరు పిల్లలు ఆ కాలును ఎత్తి చూస్తున్నారు. ముసలవ్వ వాళ్లను తరిమి, "నీది నీకు ముట్టింది, సూసుకో" అని అప్పగించింది. సర్కారు ఆస్తిని ఆమె జాగ్రత్తగా కాపాడిందని రికార్డు కోసం రాస్తున్నాను.

ఇవన్నీ అతడు భరించాడు. కల్లం దగ్గర మాత్రం భరించే వీలు లేదు. రాశి ఉన్న చోటికి చెప్పులతో ఎవరూ పోరు. తమరూ పోరు. తమరి తండ్రిగారు అంతయ్యను పిలిపించి, నా ఎదుటనే చెప్పారు:

"సర్కారుదైతేంది, తోలు తోలే. రాశి కాడికి నేను రానియ్య. బూటు ఇప్పి రా, కుంచం నీదే. ఇప్పకుంటె కోరుట్ల నుంచి ఒకన్ని మాట్లాడిన. ఇగ ఎప్పటికీ వాడే కొలుస్తడు."

ఎప్పటికీ అన్న మాటను తమరు గమనించాలి. కొలత పోతే కొలిచినందుకు కల్లం కల్లానా వచ్చే మేర గింజలు పోతాయి. అంతయ్యకు భూమి లేదు. ఒక కాలితో నాగలి పట్టలేడు. ఆ కుంచమే అతని భూమి.

బూటు విప్పడానికి అనుమతి కోరుతూ అంతయ్య పేరు మీద నేను అర్జీ రాశాను. తమరి దస్కతుతో జవాబు వచ్చింది. మంజూరైన వస్తువు "కృత్రిమ పాదము, బూటుతో సహా, ఒకటి" అనీ, అందులో ఏ భాగాన్ని తొలగించినా ప్రభుత్వ ఆస్తిని పాడుచేసినట్టే అనీ, అట్టి లబ్ధిదారుకు పట్టీలు గాని మరమ్మతు గాని వేరొక కాలు గాని ఈ నిధి నుంచి ఎన్నటికీ అందవనీ అందులో ఉంది. తండ్రి విప్పి రమ్మంటారు, కొడుకు విప్పవద్దంటారు. ఒకే ఇంటి నుంచి వెలువడిన ఈ రెండు ఉత్తర్వులను ఒకే కాలితో పాటించడం ఎట్లాగో తమరు మరొక ఉత్తర్వు ద్వారా తెలియజేయలేదు.

బూటు లేని కాలుతో మార్పిడి చేయమని రెండో అర్జీ పెట్టాము. దాని మీద తమరి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన అంతయ్యను చూడలేదు. కాలును తెమ్మన్నాడు, తిరగేసి బూటు అడుగున అట్ట చూశాడు. అట్ట తగినంతగా అరగలేదు, కనుక కాలు వాడుకలో లేదు, కనుక లబ్ధిదారుకు కాలు అవసరం లేదు, కనుక కాలును కచేరీకి జప్తు చేయవచ్చునని రాసుకున్నాడు. తర్కశాస్త్రంలో తమరికీ నాకూ ఒకే గురువు. ఆయన ఇది వింటే ఎంత మురిసేవాడో.

కాలే పోతుందని విన్న కొమురవ్వ బెదిరిపోయింది. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చేలోగా ఆమె రోజూ పని నుంచి వచ్చి, ఆ కాలును ఒళ్లో పెట్టుకొని, బూటు అడుగును నూరుడు బండ మీద రుద్దింది. మడమ దగ్గర ఎక్కువ అరగాలా, ముందు ఎక్కువ అరగాలా అని నన్ను అడిగింది. నేను నా బూటు తిప్పి చూపించాను. ఆ పని చేస్తూ ఆమె అడిగిన మరో ప్రశ్న తమరి కచేరీకి చెందినది. తమరికి పంపుతున్నాను.

"బూటు అరిగితెనే కాలు ఉన్నట్టట. మరి మీ కచేరి సుట్టు తిరిగి కాళ్లే అరిగినోళ్లకు ఏమిస్తరు సారూ?"

ఇన్‌స్పెక్టరు రెండోసారి వచ్చాడు. అట్ట చూసి సంతోషించాడు. నవంబరు ఆఖరున ఉత్తర్వు వచ్చింది. బూటు తగినంతగా అరిగినందున లబ్ధిదారు దానిని ఏ ఇబ్బందీ లేకుండా వాడుచున్నట్లు రుజువైనదనీ, కావున బూటు తొలగించుటకు గాని మార్చుటకు గాని కారణము కనబడదనీ, ఇక ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరములు జరపబడవనీ. కింద తమరి దస్కతు. అందమైన దస్కతు. హాస్టలులో రాత్రుళ్లు కాగితాల మీద దాన్ని నేర్చుకుంటుంటే దీపం పట్టింది నేను.

అరగకపోతే కాలు అక్కర్లేదు. అరిగితే కష్టం లేదు. లింగమూర్తీ, నువ్వు ఆ ఊళ్లో పుట్టావు. రాశి దగ్గరికి చెప్పులతో పోవచ్చునో కూడదో నీకు ఒకరు అర్జీ పెట్టి చెప్పాలా? నిన్ను చదివించింది ఆ కల్లం. ఆ కల్లంలో నీ ఫీజులు కూడా ఆ మనిషే కొలిచాడు. నీ బాపు బండి కిందనే అతని కాలు పోయింది. అతను నిన్ను ఇంకో కాలు అడగలేదు, రూపాయి అడగలేదు, నాలుగు మేకులు పీకుతానని అడిగాడు. దానికి నువ్వు "కారణము కనబడదు" అని రాశావు. నీకు కళ్లెవరు మంజూరు చేశారు?

పై వాక్యాలలో ఏకవచనం దొర్లినట్టు గమనించాను. కొట్టివేయడం లేదు.

సోమవారం పొద్దున తమరి తండ్రిగారి కల్లంలో కొలత పెట్టుకున్నారు. ఈ ఉత్తరం ఈ రోజు పోస్టు చేసినా తమరి బల్ల మీదికి ఆలోగా చేరదు, చేరినా పరిశీలనలో ఉంటుంది. అందుచేత తమరికి ముందస్తుగా తెలియజేయునది ఏమనగా, సోమవారం ఉదయం నేను కత్తి తీసుకొని మన ఊరికి పోయి, సదరు బూటును నా చేతులతో కోసివేస్తాను.

అంతయ్య దీనికి ఒప్పుకోలేదు. నిన్న అడిగాను. పట్టీలు తెగినప్పుడు ఎవరిస్తారని భయపడ్డాడు. "కుంచం పాయె, కాలు గూడ పోతె నేను ఏం గావాలె పంతులూ" అన్నాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఒప్పించలేదు, ఎందుకంటే అతను అన్నది నిజం. కాబట్టి ఈ నేరం లబ్ధిదారు సమ్మతి లేకుండా, అతని అభ్యంతరం మీద, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడైన నేను బుద్ధిపూర్వకంగా చేయబోతున్నానని ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను. తీసుకోవలసిన చర్య ఏదైనా నా మీద తీసుకోండి. అంతయ్య పట్టీలు అంతయ్యకు ఇవ్వండి. నా ఉద్యోగం పోతుందేమోనని తమరు బెంగపడనక్కరలేదు. ఆ బెంగకు తమరి కచేరీలో వేరే నంబరు వేయవలసి వస్తుంది.

ఇట్లు,
విధేయుడు అని రాయడం ఆనవాయితీ కనుక ఆ చోటు ఖాళీగా వదిలి,
అంబదాస్, బి.ఏ., బి.ఎడ్.

తా.క. 8 డిసెంబరు, మంగళవారం.

పై ఉత్తరం శనివారం పోస్టు చేయలేదు. బూటు కోసిన తర్వాతే పంపుదామని జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు అందులో ఒక అబద్ధం చేరింది. బూటు కోసింది నేను కాదు. నిజంగా జరిగినది కింద రాస్తున్నాను.

సోమవారం నేను పోయేసరికి కోరుట్ల మనిషి రాశి ముందు కూర్చొని ఉన్నాడు. అంతయ్య కల్లం అంచుకు ఇవతల, తన కాలు ముందుకు చాపుకొని, చూడటానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. కొలత మొదలైంది. పటేలు పాలుకు కుంచం మీద చిన్న గుట్ట నిలిచింది. కూలీల పాలు వచ్చేసరికి చెయ్యి అంచుకంటే లోపలికి దిగింది. ఆడవాళ్లు మొదట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వాళ్లలోంచి కొమురవ్వ తన గంప బోర్లించి దాని మీద కూర్చుంది. మిగిలినవాళ్లూ బోర్లించారు. అంతయ్య కొలిస్తేనే కూలి ఎత్తుతామన్నారు, లేకపోతే వడ్లు అక్కడే ఉండనిమ్మన్నారు. పటేలు అరిచారు. ఎవరూ లేవలేదు. పడమర నుంచి మబ్బు దిగుతోంది, రాశి ఆరుబయట ఉంది.

అప్పుడు ఆయన నన్ను చూశారు. బూటు విప్పవద్దన్న కాగితం నా దగ్గర ఉందా అని అడిగారు. ఉందన్నాను. చదవమన్నారు. తమరి ఉత్తర్వును కల్లం మీద, కూలీలందరూ వింటుండగా, గ్రాంథికం తీసివేసి మన మాటల్లో చదివాను. అరిగింది కనుక కష్టం లేదన్న చోట ఒకావిడ నవ్వింది. పటేలు నవ్వలేదు.

"కింద దస్కతు ఎవలిది?"

చెప్పాను. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. ఆయన మబ్బు వైపు, రాశి వైపు చూసి, కొమురవ్వ దగ్గర ఉన్న కోత కొడవలి అడిగారు. అంతయ్య కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు పటేలా. సర్కారు ఊకోదు."

"సర్కారు నా ఇంట్లనే పుట్టింది. కాలు ఇటు సాపు."

ఆయన కింద కూర్చున్నారు. ఆ కాలును తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. లక్ష్మీరాజం పటేలు ఒళ్లో ఒక వడ్లు కొలిచేవాడి కాలు, అది కట్టెదే అయినా, ఉండగా చూస్తానని నేను ఎప్పుడూ అనుకోలేదు. అంతయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. సర్కారు పని కనుక మేకులు గట్టిగానే ఉన్నాయి. ఒకదానికి పటేలు వేలు చీరుకుంది. బూటు ఊడివస్తే లోపల తెల్లని కట్టెపాదం ఉంది, వేళ్లు లేవు. అంతయ్య కాలు మళ్లీ కట్టుకుని, ఆ పాదాన్ని కల్లం మీద పెట్టాడు, నిలబడ్డాడు, రాశి ముందు మోకాలు మడిచాడు. దాదాపు ఏడాది తర్వాత మన ఊళ్లో అంతయ్య నోట "లాభం" అన్న మాట వినపడింది.

తమరి తండ్రిగారు మంచివారయ్యారని నేను రాయడం లేదు. మబ్బు లేకపోతే ఆయన ఆ కొడవలి అడిగేవారు కాదని నా నమ్మకం. అయినా ఆయన చెప్పమన్నది ఉన్నదున్నట్టు రాయడం నా విధి. "జుర్మానా ఏస్తె నా పేరు మీద ఎయ్యమను. నోటీసు పోస్టుల పంపుడు గాదు, ఇంటికి వచ్చి నా చేతికియ్యమను. వాడు ఇచ్చినంక నేను వానికి చెప్పేది ఉన్నది." ఏం చెబుతారో నాకు చెప్పలేదు. ఆ వేలికి గుడ్డ కట్టుకొని తిరుగుతున్నారు.

ఈ ఉత్తరంతో వచ్చిన మూటలో బూటు ఉంది. ఎడమది, ఒకటి, లేసులతో సహా. మేకులు కాగితంలో వేరుగా పొట్లం కట్టాను. సర్కారు ఆస్తి సర్కారుకు ముట్టినట్టు రసీదు పంపగలరు. అంతయ్యకు పట్టీలు ఆపితే, ఆ పట్టీల కోసం నేను తమరి బల్ల ముందు ప్రతి శనివారం వచ్చి కూర్చుంటాను. బడికి సెలవు రాసి పెట్టాను.

దీనికి అర్జీదారు వేలిముద్ర జతచేయాలని తమరి నియమం. జతచేయలేకపోయాను. అంతయ్య రెండు చేతులూ కుంచం మీద ఉన్నాయి.